కోతకొచ్చిన అడవి

కొల్లేటి గట్టున ఉన్న హైస్కూల్లో పన్నెండేళ్ళుగా సోషల్ చెబుతున్నాను. అడవుల పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు ఇబ్బందే. మా పిల్లలకు అడవి తెలియదు, అటవీశాఖ మాత్రం బాగా తెలుసు. కొల్లేరు అభయారణ్యం కాబట్టి, చెట్టన్నది కనిపించని ఆ నీళ్ళకు కాపలా కాసేది వాళ్ళే. ఒక ఏడాది పరీక్షలో "అడవి అనగానేమి?" అని అడిగితే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "చేపల చెరువులు తవ్వకూడని చోటు" అని రాసింది. సున్నా వేశాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "ఆ పిల్లకి చట్టం తెలుసు, నీకు తెలీదు" అన్నారు.

మా ఆయన పురోహితుల ఇంట పుట్టి, ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్న మనిషి. చెట్లతో ఆయనకున్న సంబంధమల్లా మామిడాకులు, సమిధలు. అలాంటి మనిషి, ఆ పరీక్షకు మూడేళ్ళ ముందు, మా నాన్నగారు నాకు రాసిచ్చిన చింతలపూడి మెట్ట మూడెకరాల్లో జామాయిల్, అదే నీలగిరి, వేద్దామన్నారు. చుట్టూ అందరిదీ పామాయిలే.

"పామాయిలైతే నీళ్ళు పెట్టాలి, గెలలు కోయించాలి, ఎప్పుడూ మనిషుండాలి. జామాయిలైతే నాటేసి మర్చిపోవడమే. నాలుగేళ్ళకి కాగితం మిల్లు వాళ్ళకి కొట్టించి ఇచ్చేస్తాం. మర్చిపోవడం మనకి బాగానే వచ్చు కదా" అన్నారు.

ఆ చివరి మాట నాకు నచ్చింది. సరేనన్నాను.

తీరా నాటాక మర్చిపోవడం ఆయన వల్ల కాలేదు. బూట్లు కొన్నారు, టోపీ కొన్నారు. ఆదివారమైతే బస్సెక్కి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడేవారు. అవన్నీ ఒకే తల్లిచెట్టు నుంచి తీసిన మొక్కలట. ఒకే ఎత్తు, ఒకే లావు. డ్రిల్లు పీరియడ్లో మా పిల్లలు కూడా అంత బుద్ధిగా నిలబడరు. పెళ్ళిళ్ళలో బంధువులు కనిపిస్తే "మా అడవి" అని మొదలుపెట్టేవారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు ఒకసారి, "పులులు కూడా ఉన్నాయాండీ?" అని అడిగాడు.

"ఇంకా రాలేదండీ" అన్నారు ఈయన, నవ్వకుండా.

నాలుగేళ్ళు తిరిగి కోత వచ్చేసరికి మా బడిలో వనమహోత్సవం వచ్చింది. మండలం నుంచి ఒక అధికారి వచ్చారు. "చెట్టు కొట్టకు, ప్రాణం తీయకు" అని పిల్లలు కాగితం అట్టల మీద రాసి పట్టుకున్నారు. ఉపన్యాసం నాది. నా సెల్లు మైకు పక్కనే పెట్టుకుని, ఒక చెట్టు పడితే ఒక తరం పడినట్టేనని నేను గొంతు పెంచిన సమయానికి అది మోగింది. ఆపబోయి, కంగారులో స్పీకరు నొక్కాను.

"అమ్మగారూ, నేనండీ, తోట కోత మేస్త్రీని. వాన ముదిరితే లారీ తోటలోకి దిగదండీ. చెట్లన్నీ కొట్టేయమంటారా, రోడ్డు పక్కవి ఉంచమంటారా?"

మైకు ఆ గొంతును ఊరవతల చెరువుల దాకా చేరవేసింది. అధికారి నా వైపు చూశారు. హెడ్‌మాస్టరుగారు మొక్కల వైపు చూశారు. అటు మేస్త్రి "అమ్మగారూ, వినపడుతోందాండీ?" అంటున్నాడు. అబద్ధమాడదామంటే ఏం ఆడాలో తోచలేదు.

"అన్నీ కొట్టేయండి" అన్నాను.

తర్వాత ఉపన్యాసం పూర్తి చేశాను. ఏం చెప్పానో ఈనాటికీ గుర్తులేదు.

మర్నాడు తొమ్మిదో తరగతిలోకి వెళ్ళగానే, కిందటేడు నేను సున్నా వేసిన అమ్మాయే లేచింది. వాళ్ళది కొల్లేటికోట. ఆమె మాట మెత్తగానే ఉంది.

"మేడమ్, మీకు అడవుందాండీ?"

"అడవి కాదమ్మా, తోట."

"మరి నిన్న చెట్టు పడితే తరం పడినట్టే అన్నారు కదండీ?"

నవ్వేసి పాఠం మొదలుపెట్టొచ్చు కానీ, ఆ రోజు సిగ్గేసింది. ఆ శనివారం హెడ్‌మాస్టరుగారి అనుమతి తీసుకుని, వ్యాను మాట్లాడి, ఆ తరగతి పిల్లల్ని చింతలపూడి తీసుకెళ్ళాను.

అప్పటికే సగం తోట నేలకూలి ఉంది. పడిన దుంగలకు ఒక పెద్దావిడ కత్తితో బెరడు ఒలుస్తోంది. బెరడు తీస్తే కానీ మిల్లుకు పంపరని చెప్పింది. మా ఆయన టోపీ పెట్టుకుని వచ్చి, పిల్లలకు చూపిద్దామని కత్తి తీసుకున్నారు. బెరడు రాలేదు, బూటు మీద గాటు పడింది. అప్పుడు ఆ కొల్లేటికోట అమ్మాయి కత్తి అందుకుని, చేపకు పొలుసు తీసినట్టు రెండుసార్లు లాగి జానెడు ఒలిచేసింది.

"ఈ బూట్లాయన కంటే నువ్వే నయమే" అంది పెద్దావిడ.

పిల్ల చుట్టూ చూసి, "పిట్టలేవండీ?" అని అడిగింది.

"ఈ ఆకు మేకలే ముట్టవమ్మా, పిట్టలకేముంటుందిక్కడ? అడవి అటు" అని పెద్దావిడ కత్తి వెనక్కి తీసుకుని, దాంతోనే కొండల వైపు చూపించింది. "మా అమ్మ విస్తళ్ళకి అక్కడే అడ్డాకులు కోసేది. అక్కడ ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు."

అమ్మాయి నా దగ్గరకొచ్చింది.

"అయితే మేడమ్, ఇది చేపల చెరువేనండి. చేపపిల్లల్ని వేస్తారు, పెంచుతారు, పట్టేస్తారు, మళ్ళీ వేస్తారు. ఆ కొండల మీది అడవి కొల్లేరండి. ఎవరూ వేయకుండానే అన్నీ ఉంటాయి."

అడవికీ, మిల్లు కోసం పెంచే తోటకీ ఉన్న తేడా పన్నెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా అంత తేటగా చెప్పలేదు. మిల్లు అడిగే కలప ఇలాంటి తోటలు ఇస్తుంటే కొండలు కాస్త ఊపిరి పీల్చుకుంటాయన్నదీ నిజమే. అలాగని తోటను చూపించి అడవి ఉందనుకోవడం, చెరువును చూపించి కొల్లేరు ఉందనుకోవడమే. ఇదంతా తిరుగు ప్రయాణంలో వ్యానులో వాళ్ళకు చెప్పాను. సగం మంది నిద్రపోయారు. ఆ అమ్మాయి పాత పేపరు మార్కులు దిద్దాలనుకున్నాను కానీ, ఆ కాగితాలు ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయాయి. ఆ మాటే ఆమెకు చెప్పి క్షమాపణ అడిగాను. "పర్లేదండీ" అంది.

మా ఆయనకు మాత్రం మనసు నొచ్చుకుంది. "నాలుగేళ్ళు అడవి పెంచాననుకుంటే, చేపల చెరువంటుందా" అని నెల రోజులు ముభావంగా ఉన్నారు. ఈలోపు నరికిన మోళ్ళన్నీ చిగిర్చాయి. మళ్ళీ నాటే పని లేదని తెలిసి కోలుకున్నారు.

కంచె పక్క ఒక వరుస మోళ్ళు తీయించి నేరేడు, వెలగ, కానుగ వేద్దామన్నాను. "వాటిని ఏ మిల్లు కొంటుంది?" అన్నారు. ఎవరూ కొనరనే వేస్తున్నామన్నాను. వారం రోజులు వాదించుకుని వేశాం. జామాయిల్ జోలికి పోని మేకలు వచ్చి, మొదటిసారి వేసినవన్నీ శుభ్రంగా తినేశాయి. రెండోసారి ముళ్ళకంప కట్టాం.

ఇప్పుడు నేరేడు నా మోకాలి దాకా ఎదిగింది. మా ఆయన ఆదివారాలు వెళ్ళి నీళ్ళు పోస్తున్నారు. పోసినప్పుడల్లా ఫోన్ చేసి, "ఇంతకీ ఇది ఎన్నేళ్ళకు కోతకొస్తుందోయ్?" అని అడుగుతున్నారు.