కాలు విరిగిన గోల్‌కీపర్ ఇంటికి

నేను జనగామలో ఆటల టీచర్ని. మా ప్రాంతంలో మొదట్లో ఫుట్‌బాల్ ఆడిన రాములు బాపును మా బడి ఆడపిల్లల జట్టుకు చూపిద్దామని ఫోన్ చేస్తే, "ముందుగాల నన్ను భూపాలపల్లి తోల్కపో బిడ్డా" అన్నాడు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు రైలెక్కాను. తొమ్మిదికి మహబూబాబాద్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు.

హనుమకొండ బస్సులో కండక్టరమ్మ ఆడవాళ్లకు ఉచితమని నాకు జీరో టికెట్ కొట్టి, "తాతకే పైసలు" అంది. బాపు నవ్వి, తన కథ మొదలుపెట్టాడు. డోర్నకల్ మైదానంలో వట్టికాళ్లతో ఆడేవాడట. ఆ ఆట చూసి రైల్వేవాళ్లు పట్టాల పనిలోకి తీసుకున్నారు. టీములో బూట్లిస్తే, మొదటి ఆట సగంలోనే వాటిని విప్పేసి గోల్ కొట్టాడు.

"మరెందుకు మానేసినవ్ బాపు?"

కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "ఒక ఫైనల్ల గోల్‌కీపర్ మీదికి ఉరికిన. ఆయన కాలు ఇరిగింది. గా చప్పుడు ఇన్నంక బంతి తన్నబుద్ధి కాలే. సాంబయ్య ఆయన పేరు. భూపాలపల్లి బొగ్గుబాయిల జేసి రిటైరయిండట. మొకం ఎట్ల సూపియ్యాలె?"

హనుమకొండలో బస్సు మారాం. పరకాలలో మిరపకాయ బజ్జీలు తిన్నాను, బాపు ముట్టలేదు. భూపాలపల్లి దగ్గరపడి చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించగానే, "జర నీళ్లియ్యి" అన్నాడు.

ఒంటిగంటన్నరకు భూపాలపల్లిలో సాంబయ్య ఇల్లు కనుక్కున్నాం. కొంచెం కుంటుతూ వచ్చి తలుపు తీశాడు.

"నేను రాములును. డోర్నకల్. తప్పయిందన్నా," అని బాపు చేతులు జోడించాడు.

సాంబయ్య రెప్పవేయకుండా చూసి, లోపలికి కేకేశాడు. "ఓ లచ్చమ్మా, గిటు రా! మన పెండ్లి పెద్ద వచ్చిండు!"

బాపుకు అర్థం కాలేదు. సాంబయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. "మూడు నెలలు దవాఖానల పడి ఉన్న. గీమె గక్కడ ఆయా. నువ్వు కాలు ఇరగ్గొట్టకపోతే గీమె నాకు యాడ దొరుకుతుండె?"

లచ్చమ్మవ్వ కొంగుతో నవ్వు దాచుకుంది. "పెండ్లికి పిలుద్దామంటే నీ అడ్రసు దొరకలే అన్నా."

బాపు ఏడ్చాడు, నవ్వాడు, నాటుకోడి కూరతో మూడు జొన్నరొట్టెలు తిన్నాడు. తిన్నంతసేపూ ఆ రోజు బంతి గీత దాటిందా లేదా అని ఇద్దరూ పోట్లాడుకున్నారు.

నాలుగింటికి తిరుగు బస్సు. హనుమకొండలో మహబూబాబాద్ బస్సు చూపించాను. బాపు మాత్రం నా వెనకే జనగామ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

"రేపు మీ పిల్లలు ఎన్నింటికి ఆడుతరు?"

"ఆరింటికి."

"మంచిగాయె. నేనూ ఆడుత."

పోటీలకని ఎన్నో ఊర్లు తిరిగాను కానీ, ఇంత తేలికపడ్డ మనిషిని వెంటబెట్టుకుని ఎప్పుడూ ఇల్లు చేరలేదు.