నేను సంతకం పెట్టని సిలబస్

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. మరీ పాతకాలం మాటేమీ కాదు, అయిదేళ్ల కిందటిది. నాకింకా ముప్ఫై నిండలేదు, మా అమ్మాయికి అయిదు నిండాయి, పిల్లల పెంపకం మీద నాకున్నన్ని అభిప్రాయాలు బెంగళూరు మొత్తం మీద ఇంకెవరికీ ఉండి ఉండవు. (ఇప్పుడు ఒకటో రెండో మిగిలాయి. భోజనానికి ముందు బిస్కెట్లు తినకూడదన్నది వాటిలో ఒకటి.) వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేసేదాన్ని. అంటే ఇంకొకరు కష్టపడి తయారుచేసిన దాంట్లో తప్పులు వెతికి, అన్నీ దిద్దించాక, ఇక ఇది బయటికి వెళ్లవచ్చని సంతకం పెట్టే ఉద్యోగం. ఏడేళ్లు అదే పనిలో ఉండేసరికి తప్పు పట్టడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలికైపోయింది. మా ఆయన పెళ్లయిన కొత్తలోనే ఆ సంగతి గ్రహించి, తాను వండిన సాంబారు గురించి నేనేమన్నా నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాడు.

అమ్మాయిని మూడో ఏట ప్లేస్కూల్లో వేశాం. రోజూ వెళ్లేది, వచ్చేది. ఇవాళ ఏం చేశారే అని అడిగితే "కూర్చున్నాం" అనేది. రెండేళ్ల పాటు ఆ ఒక్క జవాబే విన్నాక నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం మానేసి ఇంట్లోనే నేనే చదువు చెప్పుకుంటానన్నాను. అందరికీ చెప్పిన కారణం అది. చెప్పని కారణం ఇంకొకటుంది. మా అమ్మ గుంటూరు దగ్గర ఒక మిషన్ స్కూల్లో టీచరు. నాకు అక్షరాలు నేర్పింది మాత్రం బళ్లో కాదు, చపాతీలు చేస్తూ పీట మీది పిండిలో వేలితో రాయించి. నేను మొదటి మాట కూడబలుక్కుని చదివిన రోజు అమ్మ ముఖం ఎలా వెలిగిందో నాకిప్పటికీ గుర్తుంది. నా కూతురు మొదటి మాట చదివేటప్పుడు ఎదురుగా నేనుండాలి, అంతే. ఇంకే టీచరమ్మో ఉండడం నాకిష్టం లేదు.

మా ఆయన ఆసుపత్రిలో నర్సు. రోజంతా హడావిడి చూసి చూసి, ఇంట్లో ఏం జరిగినా అది ప్రాణం మీదికి వచ్చే సంగతి కాదులే అన్నట్టు ఉంటాడు. అంతా విని, దగ్గరలోని ఒక స్కూల్లో సీటుందని, మార్చి నెలాఖరు దాకా ఆగుతారని చెప్పాడు. "అప్పటికి నువ్వు పాఠాలు మొదలుపెడితే నీ మాటే. ఇంకా ఎంచుకుంటూనే ఉంటే మాత్రం స్కూలే. సరేనా?" అన్నాడు. మూడు నెలల గడువు. ఒక సిలబస్ ఎంచుకోవడానికి మూడు నెలలెందుకు, మూడు రోజులు చాలనుకున్నాను.

మహదేవపురలో ఒక సందులో, ఎనిమిది వాటాల ఇంట్లో మూడో అంతస్తు మాది. కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, ఆఫీసులో చేసినట్టే ఒక షీటు తెరిచాను. ఎడమ పక్కన సిలబస్‌ల పేర్లు, పైన నేను పరీక్షించవలసిన అంశాలు. మొదటి రోజు నాలుగు పేర్లు, ఆరు అంశాలు ఉండేవి. నెల తిరిగేసరికి పేర్లు ముప్ఫై అయ్యాయి, అంశాలైతే స్క్రీన్‌లో పట్టక పక్కకి జరుపుకుంటూ పోవలసి వచ్చేది. చెక్క బొమ్మలతోనే అన్నీ నేర్పే పద్ధతి ఒకటి, పిల్లలు అడిగేదాకా ఏమీ నేర్పకూడదనే పద్ధతి ఇంకొకటి, రోజూ అమ్మ ఏ మాట అనాలో కూడా అచ్చువేసి ఇచ్చే పెట్టె పద్ధతి మరొకటి. ప్రతిదానికీ నమూనా పుస్తకాలు తెప్పించాను. ప్రతిదాంట్లోనూ తప్పు దొరికింది. ఒకదాంట్లో ఆవు బొమ్మకి నీడ తప్పు వైపు పడింది. (ఎరుపు రంగు పెట్టి, గళ్లో రాశాను. పాఠానికి దానితో ఏం సంబంధమని అప్పుడు నాకు తోచలేదు.) లోపమున్నదానికి సంతకం పెట్టడం నా వల్ల కాదు, లోపం లేనిది భూమ్మీద లేదు. రెండు నెలలు గడిచిపోయాయి.

పోనీ ఒకదాన్ని వారం పాటు వాడి చూద్దామని, విదేశం నుంచి వచ్చిన పెట్టె విప్పాను. మొదటి పాఠంలో రాలిన ఎర్రాకులూ పసుపాకులూ పెద్ద కుప్పగా పోసి, బిడ్డను అందులోకి దూకించాలట. ఆకులు గలగలలాడుతుంటే అమ్మ ఆ శబ్దాన్ని అక్షరంతో కలిపి చెప్పాలట. ఫిబ్రవరి చివర మా సందులో కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. పొద్దున్నే కిందికి దిగితే మూల మీద చక్కటి కుప్ప సిద్ధంగా కనపడింది. దేవుడే పంపాడనుకుని అమ్మాయిని దూకించాను. దేవుడు కాదు, ఆ సందు ఊడ్చే అక్క పోసిన కుప్ప అది. బండి తెచ్చేలోగా ఆకులన్నీ మళ్లీ సందు నిండా పరుచుకున్నాయి, అమ్మాయి జడలో ఒక అరటి తొక్క కూడా ఉంది. ఆవిడ కన్నడంలో నన్ను ఏమేమి అన్నదో అంతా అర్థం కాలేదు గానీ, పిల్లకి బుద్ధుంది నీకే లేదన్న ముక్క మాత్రం బాగా అర్థమైంది. చీపురు తీసుకుని తిరిగి ఊడ్చిపెట్టాను. అమ్మాయి గట్టు మీద కూర్చుని నన్ను చూసి నవ్వుతూ ఉంది. ఆ పద్ధతికి కూడా ఎరుపు రంగే పెట్టాను.

ఇంట్లో పిల్ల ఉంటే షీటు సాగేది కాదు. అందుకని పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, కింద వాటాలో ఉండే ఓనరమ్మగారి దగ్గరికి పంపేదాన్ని. (బిడ్డకి ఇంట్లో నేనే చదువు చెప్పడం ఎలాగో తేల్చుకోవడానికి బిడ్డని ఇంట్లోంచి పంపించేశానన్న సంగతి, ఇది రాస్తుంటే గానీ నాకు తట్టలేదు.) ఓనరమ్మగారివాళ్లు తెలుగువాళ్లే గానీ మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్నారు. మా అమ్మాయి ఆవిణ్ణి ఇక్కడి పిల్లలు అమ్మమ్మని పిలిచినట్టు అజ్జి అనేది. జనవరిలో ఆవిడకి రెండు కళ్లకీ వరసగా శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు ఇంకా కుదురుకోక, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెట్ల పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఎనిమిది వాటాలకీ వచ్చే పార్శిళ్లు మెట్ల కిందే దించి పోతారు, వాటికి కాపలా ఆవిడే. నేను కిందికి దిగినప్పుడల్లా "ఏమప్పా, పాప చదువు ఎందాకా వచ్చె?" అని అడిగేవారు. ఎంచుకుంటున్నానండీ ఆంటీ, అయిపోవచ్చిందనేదాన్ని.

గడువు వారంలోకి వచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. మా చర్చి సంఘంలో అక్కలకి ప్రార్థన మనవి చెప్పుకున్నాను. వాళ్లు ప్రార్థన చేశారు, చేశాక ఒక్కొక్కరు ఒక్కొక్క సిలబస్ పేరు చెప్పారు, అలా షీటులో మరో అయిదు వరసలు పెరిగాయి. చివరికి పాస్టరమ్మగారే దారి చూపించారు. మా సంఘంలో ఏదన్నా తేలకపోతే చీట్లు వేయడం మామూలే. క్రిస్మస్ నాటకంలో ఎవరు జ్ఞాని, ఎవరు గొర్రెల కాపరి అన్నది చీటీతోనే తేలుతుంది. వనభోజనానికి ఎవరు బిర్యానీ తేవాలి, ఎవరు పెరుగన్నం తేవాలి అన్నదీ అంతే. చీటీ తీసేది మాత్రం ఇంకా చదవడం రాని బిడ్డ అయి ఉండాలి, అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. ఏడాదిగా ఆ పదవిలో ఉన్నది మా అమ్మాయే.

నెలాఖరు శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాం. ముప్ఫై అయిదింటిని కొట్టేసి కొట్టేసి నాలుగు మిగిల్చాను. నాలుగు పేర్లూ పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాసి, మడిచి, స్టీలు గిన్నెలో వేశాను. సోమవారం నుంచి వచ్చినదానితో పాఠాలు. ఒకవేళ ఇందులోనూ వంక పెట్టానా, స్కూలే. మా ఆయన గోడకి ఆనుకుని నన్ను చూస్తున్నాడు. పాస్టరమ్మగారు ప్రార్థన మొదలుపెట్టేముందు చీటీ తీయమన్నారు, వచ్చిన పేరు పెట్టి ప్రార్థన చేయవచ్చని. అమ్మాయి అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ఒకటి తీసింది. ఎప్పుడూ తీసినది పెద్దవాళ్ల చేతికి ఇచ్చేది. ఆ రోజు ఎందుకో తనే విప్పింది, చూసింది, నా చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇది కిందే ఉంది. మెట్ల కింద, అజ్జి కుర్చీ వెనకాల. నిన్ననే వచ్చింది" అంది.

నేను చీటీ చూశాను. నిజంగానే ఆ కంపెనీ నుంచి నాకొక నమూనా రావలసి ఉంది. నాలోని టెస్టర్ ఊరుకుంటుందా, నిన్న పెట్టె మీద చూసిన గుర్తు కాబట్టి పోల్చుకుని ఉంటుంది, ఇది చదవడం కాదు అంది. ఎక్కడా అచ్చులో చూడనిది ఏదన్నా రాయమని మా ఆయనకి చెప్పాను. ఆయన చీటీ వెనక్కి తిప్పి, జేబులోని పెన్ను తీసి ఏదో రాసిచ్చాడు. అమ్మాయి వేలు పెట్టి, పెదాలు కదిపి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు మాటల్ని ఒక్కొక్క ముక్కే కలుపుకుంది. "నాన్నకి... ఆకలి." తర్వాత తలెత్తి, "పాస్టరమ్మ ప్రార్థన అయిపోయాక తిందువుగానీ నాన్నా" అంది.

అందరూ నవ్వారు. ఆ సాయంత్రంతో సంఘంలో మా అమ్మాయి పదవి ఊడింది. చదువొచ్చినవాళ్లు గిన్నెలో చెయ్యి పెట్టకూడదు కదా, ఆ ఉద్యోగం ఇంకో మూడేళ్లవాడికి పోయింది. మా ఆయన గోడ దగ్గర నుంచి లేచి వచ్చి, పాఠాలు ఎప్పుడో మొదలైనట్టేగా, ఇక స్కూలువాళ్లకి రామని ఫోన్ చేస్తానన్నాడు. నేను గెలిచాను. అందరితో పాటు నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల ఏడుపొచ్చింది. నా పిల్ల ఎప్పుడో, నేను లేనప్పుడు, మొదటి మాట చదివేసింది. ఆ క్షణం కోసం ఉద్యోగం మానుకున్నదాన్ని, ఆ క్షణంలో మూడంతస్తుల పైన కూర్చుని ఆవు నీడ ఎటు పడిందో చూస్తున్నాను.

ప్రార్థన కాగానే కిందికి దిగాను. ఓనరమ్మగారు కుర్చీలోనే ఉన్నారు. ఎప్పటినుంచి చదువుతోందండీ ఆంటీ అనడిగాను. ఆవిడకి నా ప్రశ్నే వింతగా తోచింది.

"నీకు తెలీదా? నేను నువ్వే పైన నేర్పించి పంపిస్తా ఉండావనుకుంటి. నాకేమో కండ్లు కనపడకపోయె, పార్శిల్ ఎవరిదో చెప్పేవాళ్లు లేకపోయిరి. పాపా, అక్షరం ఎట్లుండాదో చెప్పు అంటి. నిలువు గీత ఉండాది, దాని నెత్తిన అడ్డగీత ఉండాది అనె. అట్లయితే అది ఫలానాది అని నేను చెప్తి. దినామూ అదే పని మా ఇద్దరికీ. అట్లే వచ్చేసె" అన్నారు.

మొదట చదివిన మాటేమిటో గుర్తుందా అనడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"నీ పేరే కదప్పా, ఇంకేం చదువుతాది? ఎనిమిది ఇండ్లకి వచ్చేవి ఒక ఎత్తు, నీ ఒక్కదానికి వచ్చేవి ఒక ఎత్తు. ఒక దినం పెట్టె మీద వేలు పెట్టి, మెల్లిగా చదివి, అజ్జీ, ఇది మా అమ్మ అనె."

అప్పుడు పాప ముఖం ఎలా ఉందండీ అన్నాను. ఆవిడ నల్లకళ్లద్దాలు సర్దుకున్నారు. "నాకేం కనపడుతుందప్పా? గొంతు మాత్రం వింటి. శానా సంతోషంగా ఉండె" అన్నారు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఏడిచానో నవ్వానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తేల్చి చెప్పలేను.

తర్వాత మూడేళ్లు ఏ సిలబస్సూ ఎంచుకోకుండానే ఇంట్లో చదువుకుంది, సగం మా వంటింట్లో, సగం ఆ మెట్ల కింద. ఓనరమ్మగారికి చూపు బాగుపడ్డాక కూడా పార్శిళ్లు చదివే పని తనదే. ఎనిమిదో ఏట, తనతో కూర్చునేవాళ్లు కావాలని తనే అడిగి స్కూలుకి వెళ్లింది. ఇప్పుడు నాలుగో తరగతి. నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను, మళ్లీ తప్పులు పడుతున్నాను.

ఆ షీటు ఇంకా ఉంది. మొన్న వేరే ఏదో వెతుకుతుంటే తెరుచుకుంది. ముప్ఫై అయిదు వరసలు, ఎర్ర గళ్లు, ఆవు నీడ, అన్నీ అలాగే ఉన్నాయి. చిట్టచివర, సంతకం కోసం ఉంచిన గడి ఖాళీగానే ఉంది. కిటికీ పక్కన నడుం వంచుకుని కూర్చున్న ఆ ఇరవైతొమ్మిదేళ్ల పిల్ల మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. లాప్‌టాప్ మూసేసి ఒక్కసారి కిందికి దిగు, నీ పేరెవరో చదువుతున్నారు అని చెప్పాలనిపించింది. చెప్పినా లాభం ఉండేది కాదు. ఒక్క నిమిషం అని, ఇంకో వరస చేర్చి ఉండేది.