ఐసు తగలని చేప

ఒక ఏడాది పాటు మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మలేదు. పాలు విరిగాయంటే గిన్నె మూత తీసి చూసేవారు. కరెంటు పోయిందంటే లేచి స్విచ్చి వేసి చూసేవారు. మా ఇల్లూ మా మరిది ఇల్లూ ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉంటాయి. ఆ వాకిట్లో నేను ఏం చెప్పినా "ఇది నిజమా, ఐసు మాటా?" అని అడగడం ఒక ఆటైపోయింది. దీనంతటికీ కారణం ఒక చేప. తప్పు చేపది కాదు, నాదే.

మాది నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో మామిడితోట. నేను పుట్టిందీ తోటలోనే, మెట్టిందీ తోటలోనే. సముద్రమంటే ఎప్పుడైనా మంగినపూడి వెళ్లి, మూడు మునకలు వేసి, చీర పిండుకుని తిరిగి రావడమే తెలుసు. అలాంటిదానికి యాభై దాటాక గాలం పిచ్చి పట్టింది. పట్టించినవాడు మా తమ్ముడు. వాడు బందరులో ఉద్యోగం చేస్తాడు. ఆదివారం వస్తే రాడ్డూ రీలూ పట్టుకుని, తెలిసిన పడవాయనతో గిలకలదిండి రేవు నుంచి సముద్రంలోకి పోతాడు. వాడికి చేప తినడం కన్నా పట్టడమే ఇష్టం.

నిరుడు ఆషాఢంలో కాపు అయిపోయింది, తోటలో దుక్కి కూడా వేసేశాం. తమ్ముడు ఫోన్ చేసి "ఒక్కసారి రా అక్కా, నీకూ కాస్త మార్పుగా ఉంటది" అన్నాడు. సరే, వెళ్లాను. వెళ్లేముందు ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. మా తోడికోడల్ని పిలిచి, "సాయంత్రానికి మసాలా నూరి ఉంచు. పులుసు నా చేపతోనే" అని గొప్పలు పోయాను. ఆమె నాగాయలంక వైపు పిల్ల. చేపల మధ్య పెరిగింది. నవ్వి ఊరుకుంది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వెళ్లగానే గాలి మొహం మీద కొట్టింది. పడవ లేచి పడుతుంటే పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి ఇచ్చేశాను. సంచిలో మామిడి ఒరుగులు తెచ్చుకున్నాను కాబట్టి బతికాను. ఉప్పు పట్టిన ఒరుగు ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటే కడుపు కుదుటపడింది. అప్పుడు తమ్ముడు రొయ్యను గుచ్చి, సీసపు గుండు కట్టి, లైను అడుగుదాకా వదిలి, రాడ్డు నా చేతికిచ్చాడు.

కాసేపటికి రాడ్డు చివర వణికింది. నేను ఒక్క గుంజు గుంజాను. లైను తేలికైపోయింది. మళ్లీ రొయ్య, మళ్లీ వణుకు, మళ్లీ గుంజుడు. ఆ రోజు ఆరు చేపలు నా గాలం దాకా వచ్చి వెళ్లిపోయాయి. ఆరింటినీ నేనే పంపించేశాను.

మామిడికాయ కోసేవాళ్లకు అది చేతిలో ఉన్న అలవాటు. వెదురుగడకు చిక్కం కట్టి, కాయ వలలో పడేలా తొడిమను కత్తికి తగిలించి, టక్కున ఒక్క గుంజు గుంజాలి. మెల్లగా లాగితే కొమ్మ వంగుతుంది, పక్క కాయలు రాలతాయి. నలభై ఏళ్లుగా ఈ చేతులకు తెలిసింది ఆ గుంజుడే. పైన ఏదైనా కదిలితే చాలు, బుర్రకు చెప్పకుండానే చేతులు గుంజేస్తాయి.

"అది కాయ కాదే అక్కా, ప్రాణం ఉన్నది. అది లాగినప్పుడు వదలాలి, అలిసినప్పుడు చుట్టాలి" అన్నాడు తమ్ముడు.

"నాకు చెప్పొచ్చావు" అని వాడి మీదే విసుక్కున్నాను. ఓడిపోతున్నప్పుడు నాకు ఎదుటివాళ్ల మీద కోపం వస్తుంది. ఇది నా గుణం, దాచుకోను.

ఒడ్డుకు వచ్చాక వట్టి చేతులతో ఇంటికెళ్లాలంటే కాళ్లు రాలేదు. రేవులో గంపల్లో చేపలు అమ్ముతున్నారు. వాటిలో మంచి పండుగప్ప ఒకటి కొన్నాను. తమ్ముడు "వద్దే" అంటూనే ఉన్నాడు. నేను దాన్ని బకెట్లో వేసి, నీళ్లు పోసి, అప్పుడే పట్టినట్టు ముస్తాబు చేసి తీసుకెళ్లాను.

మా తోడికోడలు చేపను పళ్లెంలో పెట్టింది. వేలితో మొప్ప ఎత్తింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి మట్టిరంగులో ఉంది. "అక్కా, ఇది మూడు రోజులు ఐసులో పడుకున్న చేప. మీరు వెళ్లింది పొద్దున కదా?" అంది. వెటకారంగా కూడా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.  మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. భుజం మీద తువ్వాలు కింద పడినా తెలియనంతగా నవ్వారు.

తొడిమ చూసి కాయ చెట్టు దిగి ఎన్ని రోజులైందో చెప్పగలదాన్ని. వ్యాపారి ట్రే పైన మంచి కాయలు పేర్చి చూపిస్తే అడుగున చెయ్యి పెట్టి చూసేదాన్ని. అలాంటిది, చేపకు మొప్ప చూడాలని నాకు తోచలేదు. అబద్ధం ఆడినందుకు సిగ్గేసింది. ఆడడం కూడా చేతకానందుకు ఇంకా సిగ్గేసింది. ఆ రోజు నుంచే నాకు ఐసు మాటలు మొదలయ్యాయి.

నవ్వులాట అని పైకి నవ్వేదాన్ని. కానీ లోపల గుచ్చుకునేది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో నా మాటంటే మాటే. ఎరువు ఎప్పుడు వెయ్యాలో, కాయ ఎప్పుడు దించాలో నన్ను అడిగేవారు. ఇప్పుడు మరిది కూడా నేను చెప్పిన పని చేసేముందు మా ఆయన మొహం చూస్తున్నాడు. పోయిన మాట తిరిగి తెచ్చుకోవాలంటే నేను నా చేత్తో ఒక చేపను పట్టాలి. దానికి వేరే దారి నాకు కనిపించలేదు.

తమ్ముడి దగ్గర పాత రాడ్డు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చేతుల అలవాటు మార్చడానికి చేప కావాలి. తోటలో చేప ఎక్కడ దొరుకుతుంది? మా ఆయన్ని అడిగాను. మొదట నవ్వారు. తర్వాత తువ్వాలు నడుముకు బిగించి, దానికి లైను ముడేసుకుని, "సరే, పట్టుకో" అని చెట్ల సాళ్ల మధ్య పరుగెత్తారు.

చలికాలమంతా సాయంత్రాలు మాకు అదే పని. ఆయన పరుగెత్తితే లైను వదలాలి, ఆయాసంతో నిలబడితే చుట్టాలి. నేను గుంజితే "తెగింది! పోయింది చేప!" అని అరిచేవారు. తొండి కూడా చేసేవారు. అలసిపోగానే చిన్నరసం చెట్టు చుట్టూ తిరిగేవారు. లైను మానుకు చుట్టుకుని పుటుక్కున తెగేది. నాలుగైదు సార్లు తెగాక నాకు కిటుకు తెలిసింది. చేప చెట్టు చుట్టూ తిరిగితే నిలబడి లాగకూడదు. లైను వదులు చేసి, రాడ్డు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ, నేనూ దాని వెంటే చెట్టు చుట్టూ తిరగాలి.

ఒకరోజు రోడ్డు మీద పోతున్న కాయల వ్యాపారి బండి ఆపి, "ఏంటండీ ఇది, ఏం చేస్తున్నారు?" అన్నాడు.

"చేపనండీ. ఇంకా చిక్కలేదు" అన్నారు మా ఆయన రొప్పుతూ. ఆ మాటతో మా సంగతి విస్సన్నపేట దాకా పాకింది.

ఈ ఏడాది వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. అరగంటలో బంగినపల్లి కాయ సగం నేల మీద ఉంది. మేం వరండాలో నిలబడి, కాయ పడ్డ చప్పుడల్లా వింటూ ఏమీ చెయ్యలేకపోయాం. రాలిన కాయను తొక్కకుండా నడవడానికి కూడా చోటు లేదు. ఆ గాలి మీద నాకు మనిషి మీద వచ్చినట్టే కోపం వచ్చింది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. మిగిలిన కాయ దించేశాక తమ్ముడికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను. ఈసారి ఇంట్లో ఎవరికీ మసాలా నూరమని చెప్పలేదు.

తెల్లవారుతూనే పడవ ఎక్కాం. లైఫ్ జాకెట్ బిగించి, ఒరుగు ముక్క బుగ్గన పెట్టుకున్నాను. మొగకు ఇవతల, నీళ్లు రంగు మారేచోట, పడవాయన లంగరు వేశాడు. మొదటి రెండు గంటల్లో రెండు జెల్ల చేపలు పడ్డాయి. రెండూ అరచెయ్యంత ఉన్నాయి. కానీ నేను గుంజలేదు. పద్ధతిగా చుట్టి పైకి తెచ్చాను. తమ్ముడు "పర్లేదే" అన్నాడు. జెల్లల్ని నీళ్లలో వదిలేశాను. నేను వచ్చింది వాటి కోసం కాదు.

పొద్దెక్కేకొద్దీ గాలి ముదిరింది. అలల తలలు తెల్లగా విరుగుతున్నాయి. పడవాయన ఆకాశం చూసి లేచాడు. "ఇక పోదామమ్మా. గాలి మాట వినేట్టు లేదు" అన్నాడు.

"పది నిమిషాలు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, సముద్రాన్ని చూశాడు. జేబులోంచి బీడీ తీసి, అరచేతులు అడ్డం పెట్టి వెలిగించాడు. "ఈ బీడీ అయ్యేదాకానమ్మా. అంతే."

గాలికి బీడీ ఎంత తొందరగా కాలుతుందో ఆ రోజు చూశాను. కాయ రాల్చింది చాలక నా బీడీ కూడా కాల్చేస్తున్నావా అని గాలిని పైకే తిట్టాను. తమ్ముడు నవ్వాడు. బీడీ దారం దాకా వచ్చింది. పడవాయన లంగరు తాడు మీద చెయ్యి వేశాడు.

రాడ్డు వంగింది. వణకలేదు, ఒక్కసారే వంగిపోయింది. నా చేతులు గుంజబోయాయి. మా ఆయన "తెగింది!" అని అరిచినట్టే వినిపించింది. గుంజలేదు. వదిలాను. రీలు కీచుమంటూ తిరిగింది. లైను పోతూనే ఉంది. భయమేసి, వేళ్లతో లైను నొక్కిపట్టాను. సన్నటి లైను, కత్తిలా కోసింది. అయినా వదల్లేదు.

చాలా దూరంలో చేప నీళ్లలోంచి గాల్లోకి లేచింది. వెండిలా మెరిసింది. "పండుగప్ప!" అని పడవాయన అరిచాడు. బీడీ ఎక్కడ పడిందో ఆయనకే తెలియదు.

లాగింది, వదిలాను. నిలబడింది, చుట్టాను. పడవ ఊగుతుంటే తమ్ముడు వెనక నుంచి నా జాకెట్ పట్టుకున్నాడు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను, చేతులు మాత్రం నావి కానట్టు అయిపోయాయి. అలసింది అనుకున్నప్పుడు ఆ చేప సరిగ్గా మా ఆయన చేసే తొండే చేసింది. పడవ ముందుకు దూసుకెళ్లి లంగరు తాడు చుట్టూ తిరిగింది.

"అయిపోయింది, తెగుద్ది" అన్నాడు తమ్ముడు.

"చిన్నరసం చెట్టురా అది" అన్నాను. వాడికి అర్థం కాలేదు. లైను వదులు చేసి, పడవ ముందుకు మోకాళ్ల మీద పాకి, రాడ్డును తాడు కింద నుంచి అవతలి చేతికి అందించాను. అటు నుంచి ఇటు తీసుకున్నాను. ఇంకోసారి. లైను తాడు మీద నుంచి విడిపోయింది. చేప మళ్లీ నా ఎదురుగా ఉంది. దానికి ఇక ఓపిక లేదు. నాకూ లేదు, కానీ అది దానికి తెలియదు. పడవాయన వల వేసి పైకెత్తాడు.

పడవ అడుగున అది ధన్ ధన్ మని కొట్టుకుంటుంటే నేను కేకలు పెట్టాను. ఏం కేకలు పెట్టానో గుర్తు లేదు. గాలిని ఏదో అన్నానని తమ్ముడు చెబుతాడు. వెనక్కి వచ్చేటప్పుడు అలలు మమ్మల్ని తలదాకా తడిపాయి. నాకు చలి వెయ్యలేదు, కడుపు తిప్పలేదు. అంత సంతోషం నా పెళ్లిలో కూడా పడలేదు. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పాను.

ఒడ్డున తమ్ముడు ఐసు పెట్టె తెచ్చాడు. "ఐసు ముక్క దీన్ని తాకిందా, చూడు నీ పని" అన్నాను.

"మూడు గంటల దారే, పాడైపోద్ది."

"పోదు. నేను పోనివ్వను."

గోనెసంచి తడిపి చేపను చుట్టాను. గుడివాడలో ఒకసారి, హనుమాన్ జంక్షన్‌లో ఒకసారి తమ్ముడి కారు ఆపించి సంచి మళ్లీ తడిపాను. గాలం దాని పెదవికే ఉంచేశాను. మూరెడు లైను కూడా ఉంచాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. కాయల ట్రేలో చేపను పెట్టి వాకిట్లో దించాను. మా ఆయన చెట్టు చూసి కాయ బరువు చెప్పే మనిషి. ఒక్క చూపు చూసి "తొమ్మిది కేజీలు" అన్నారు. కాయలు తూచే కాటా మీద పెడితే తొమ్మిది మీద కాస్త మొగ్గింది.  అందరం తోడికోడలి కోసం చూస్తున్నాం.

ఆమె వచ్చి కూర్చుని మొప్ప ఎత్తింది. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. కన్ను నొక్కి చూసింది. పెదవికి ఉన్న గాలాన్ని పట్టుకుని చూసింది. తర్వాత చేపను వదిలేసి, నా కుడిచెయ్యి లాగి తిప్పి చూసింది. రెండు వేళ్ల మీద లైను కోసిన గీతలు లోతుగా ఉన్నాయి. ఉప్పునీళ్లకు అంచులు తెల్లబడ్డాయి.

"చేప సంగతి తర్వాత. ముందు ఈ చేతికి పసుపు రాయాలి, రండక్కా" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి నాకూ ఆగలేదు.

సాయంత్రం పులుసు రెండిళ్లకూ సరిపోయి, పక్క తోట వాళ్లకు కూడా వెళ్లింది. తాడు చుట్టూ రాడ్డు తిప్పిన సంగతి మా ఆయన అందరికీ నాకన్నా బాగా చెప్పారు. చెట్టు చుట్టూ తిరగడం తనే నేర్పానన్నారు. అననిచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా తోడికోడలు ఉతికిన బట్టల బుట్టతో వాకిట్లో నిలబడి, "అక్కా, వాన వస్తదంటారా?" అని అడిగింది. ఆకాశం చూసి, "రాదు, ఆరెయ్యి" అన్నాను. ఆమె తల ఎత్తి ఆకాశం చూడలేదు. మా ఆయన్ని అడగలేదు. నేరుగా వెళ్లి రెండిళ్ల బట్టలూ తీగ మీద ఆరేసింది.

పదకొండింటికి కుండపోతగా వాన కురిసింది. దుప్పట్లతో సహా అన్నీ తడిసి ముద్దయ్యాయి. అందరం వరండాలో నిలబడి చూశాం. ఐసు మాట ఎవరి నోటా రాలేదు.

"వానే మాట తప్పిందక్కా" అంది మా తోడికోడలు.

చేతికి పసుపు ఇంకా పచ్చగానే ఉంది. ఆ చేత్తోనే తడి బట్టల్లో సగం నేను పిండాను.