సీసా మీది విశేషణం

మా వీధిలో అందరూ ఆమెను తోటకూరక్క అనేవారు. మొదటిసారి మా గుమ్మంలో నిలబడినప్పుడు ఆమె తనను తాను పరిచయం చేసుకున్నదీ ఆ పేరుతోనే. నేను తెలుగు టీచరుగా ఉద్యోగ విరమణ చేసి, ఆ మూడంతస్తుల ఇంట్లో పై వాటాకు మారి రెండు రోజులే అయింది. పుస్తకాల పెట్టెలు ఇంకా విప్పలేదు. కింది వాటాలో ఉండే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. గోళ్లలో మట్టి, చంకలో ఖాళీ గంప.

"టీచరుగారండీ, మీరు బట్టలు ఏ సబ్బుతో ఉతుకుతారండీ?" అన్నది.

పరిచయమైన అర నిమిషానికి అడగవలసిన ప్రశ్న కాదది. "ఎందుకమ్మా, మాసిన బట్టల్లో ఉన్నానా?" అన్నాను.

ఆమె పకపకా నవ్వి, నన్ను పిట్టగోడ దగ్గరకు పిలిచి కిందికి చూపించింది. మా వాటా నుంచి దిగిన గొట్టం, మధ్య అంతస్తులోని దర్జీ ఇంటి గొట్టంతో కలిసి, పెరట్లో సన్నటి కాలువలోకి నీళ్లు వదులుతున్నది. కాలువ వెంట తొమ్మిది మడులు: తోటకూర, పాలకూర, మెంతికూర. ఆ ఇంట్లో కుళాయి నీళ్లు తాగడానికీ వండుకోవడానికీ బొటాబొటీగా సరిపోయేవి. మేము బట్టలుతికిన నీళ్లే ఆమె పంటకాలువ. తెల్లవారగానే ఆకు కోసి, కట్టలు కట్టి, పదకొండు ఇళ్లకు ఇచ్చివచ్చేది. భర్త పోయిన నాటి నుంచి ఆమె బతుకుతెరువు ఆ తొమ్మిది మడులే.

"మీరు వదిలిందే నా మొక్కలు తాగుతాయండీ. అందుకని అడిగాను," అన్నది.

మొదటి ఏడాది నేను మామూలు బిళ్ల సబ్బుతో చేత్తోనే ఉతుక్కున్నాను కనుక ఏ చిక్కూ రాలేదు. తరువాత మోకాళ్లు మొండికేయడంతో బట్టలుతికే మిషను కొన్నాను. సంగతి తెలిసిన మర్నాడే తోటకూరక్క ఒక సీసా పట్టుకుని వచ్చింది. కుంకుడుకాయలు నానబెట్టి, ఉడికించి, పిసికి, రెండుసార్లు వడకట్టిన గోధుమరంగు రసమది. దర్జీ ఇంట్లో అప్పటికే అదే వాడుతున్నారు. సీసా మీద నోటుపుస్తకపు కాగితం ముక్క అంటించి, పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "పరియావరనానికి మంచి చేసే ద్రవ్వం."

నా జబ్బు అక్కడ బయటపడింది. బల్లమీది ఎర్రకలం నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. విడిపోయిన యకారానికి ఒక సున్నా, ణకారం ఉండవలసిన చోట కూర్చున్న నకారానికి ఒక సున్నా, అక్కరలేని వత్తుకు ఒక సున్నా చుట్టాను. అప్పుడు దర్జీ కూడా నా దిండుగలీబులు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఉన్నాడు.

"పేరే సరిగా రాయని సరుకును నేనెట్లా నమ్ముతాను? ముందు రాయడం నేర్చుకునిరా," అని సీసా తిరిగి ఇచ్చేశాను.

"మార్కులెన్నక్కా?" అన్నాడు దర్జీ.

"మూడు సున్నాలు తమ్ముడూ! ముందొక ఒకటి పెట్టుకుంటే వెయ్యి," అన్నది ఆమె. నవ్విందే కానీ, చెవుల దాకా ఎర్రబడింది. నేను చూశాను. చూసి కూడా తలుపు వేసుకున్నాను.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి, వరసగా పేర్చిన సీసాల మీది రాతలను ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.

"టీచరుగారూ, సబ్బు కొంటారా, పేపర్లు దిద్దుతారా?" అన్నాడు దుకాణదారు.

"దిద్దితే నీ కొట్లో ఒక్కటీ పాసవదు," అన్నాను.

చివరకు ఒకటి పాసయింది. ఆకుపచ్చ సీసా, దానిమీద తెల్లటి ఆకు బొమ్మ, దాని కింద అచ్చుతప్పు లేని వాక్యం: "పర్యావరణహితమైన సీసాలో బట్టలకు మేలైన ద్రవం." ణకారం ణకారంగానే ఉన్నది. మనసులోనే నూటికి నూరు వేసి, మూడు సీసాలు కొన్నాను. వెనుకవైపు సన్నని అక్షరాలలో ఏ లవణాలు, ఏ తెల్లబరిచే మందులు కలిపారో రాసి ఉన్నది. దానిని చదవలేదు. ముందువైపు భాష బాగున్నది కదా!

నా దుప్పట్లు మల్లెపూలలా తెల్లబడ్డాయి. మూడు వారాలకు కింద మడుల్లో ఆకుల అంచులు కాలిన కాగితంలా గోధుమరంగుకు తిరిగాయి. కాలువ గట్టు మీద తెల్లటి పొర పేరుకున్నది. తోటకూరక్క ఎరువు మార్చింది, పాత గోనెసంచులతో నీడ కట్టింది, వీధి చివరి బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది.

"ఏమక్కా, నీ తోటకూర కూడా తోటకూర కాడలా వేలాడుతోందే!" అన్నాడు దర్జీ మెట్ల మీద నుంచి.

ఆ రోజు ఆమె నవ్వలేదు. "నవ్వులాట కాదు తమ్ముడూ. ఇంటాయన నెలాఖరుకు వస్తాడు," అన్నది. పెరడంతా సిమెంటు చేయించి స్కూటర్లు నిలుపుకోవాలని ఇంటి యజమానికి ఎన్నాళ్ల నుంచో ఉన్నది. పంట పచ్చగా ఉన్నన్నాళ్లు మడుల జోలికి రానని మాత్రం ఆమెకు మాట ఇచ్చాడు.

ఇంటాయన రావడానికి అయిదు రోజుల ముందు ఆమె నా దగ్గరకు వచ్చింది. చెత్తబుట్టలో నుంచి తీసి కడిగిన నా ఆకుపచ్చ సీసా ఆమె చేతిలో ఉన్నది.

"టీచరుగారూ, నాకు చదువు తక్కువ. మీరే చెప్పాలి. ఇక్కడ రాసిన 'పర్యావరణహితమైన' అన్న మాట సీసాకా, లోపలి ద్రవానికా?"

కళ్లజోడు పెట్టుకున్నాను. చదివాను. విశేషణం తన పక్కనున్న నామవాచకానికే చెందుతుందని ముప్పయి నాలుగేళ్లు నల్లబల్ల మీద రాసినదాన్ని. ఆ మాట సీసాకు చెందినది. సీసాకు మాత్రమే చెందినది. లోపలి ద్రవాన్ని గురించి ఆ వాక్యం 'మేలైన' అనడం తప్ప మరేమీ చెప్పలేదు. ణకారాన్ని చూసి మురిసిపోయి, అన్వయం చూడలేదు నేను. నాలుగో తరగతితో బడి మానేసినావిడ చూసింది.

ఆమె నా ముఖంలోకే చూస్తున్నది.

"రెండింటికీ వర్తిస్తుంది," అన్నాను.

వ్యాకరణంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

"అయితే తప్పు నా ఎరువులోనే ఉన్నట్టుందండీ," అని ఆమె మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆ పూటే మిగిలిన సీసాలను అటక మీదికి నెట్టి, పీట వేసుకుని మళ్లీ బిళ్ల సబ్బుతో చేత్తో ఉతకడం మొదలుపెట్టాను. మోకాళ్ల నొప్పి నాకు తగిన శిక్షే అనుకున్నాను. కానీ శిక్ష వేసుకోవడం సులువు. నోరు విప్పడమే నా వల్ల కాలేదు. అయిదు రోజులలో ఏ మట్టీ కోలుకోదు.

ఇంటాయన వచ్చాడు. మడులలో ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి పారేశాడు. "ఏ ఎరువు వేశావో ఏమో, మట్టే చచ్చిపోయింది. ఇంత స్థలం నిరుపయోగకరంగా పడి ఉంది. వచ్చే వారం సిమెంటు పోయిస్తున్నాను," అన్నాడు.

తోటకూరక్క తలెత్తి దర్జీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను మాట్లాడవలసిన క్షణం అదే. మాట్లాడాను కూడా.

"నిరుపయోగకరం కాదండీ, నిరుపయోగం అనాలి," అన్నాను.

దర్జీ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపుకు అంటుకునే ఉన్నది. ఇంటాయన "అదేలెండి" అని వెళ్లిపోయాడు. ఆ తరువాతి మంగళవారానికి తొమ్మిది మడులూ సిమెంటు కింద ఉన్నాయి.

నెల తిరగకుండానే ఆమె నాలుగు వీధుల అవతల, పెరడున్న మరో ఇంటి కింది వాటా చూసుకున్నది. సామాను బండికెక్కించిన ఉదయం నా దగ్గరకు వచ్చింది. అప్పటికైనా చెప్పాలని, గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఆ సీసా సంగతి..." అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తి చేయలేకపోయాను.

"తెలుసండీ," అన్నది ఆమె. "నేను మిమ్మల్ని అడిగి వెళ్లిన మర్నాటి నుంచే మీ గొట్టంలో నురగ తగ్గింది. మీరు అక్షరాలు చదువుతారు, నేను నీళ్లు చదువుతాను."

"మరి ఇంటాయన ముందు ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నానండీ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. బండివాడు కింద నుంచి కేక వేస్తున్నాడు. ఆమె రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది.

"టీచరుగారండీ, కొత్త ఇంట్లో పై వాటాలో కూడా మిషనుందట. ఏ ద్రవం వాడుతున్నారో ఏమో, నేను చెబితే వాళ్లు వినరు. మీరొకసారి వచ్చి, ఏం చూసి కొన్నారో, తరవాత ఏమైందో, జరిగింది జరిగినట్టు వాళ్లకు చెబుతారా?"