తప్పంతా నా కాలిదేనట

మా పాత కారు పొద్దున్నే ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. స్టార్టయ్యాక నల్లటి పొగ వదులుతూ పెట్రోలు తెగ తాగేసేది. దాన్ని రోజూ నడిపేది నేను, కూరగాయలకీ, మా ఆయన బీపీ మందులకీ. స్టీలు ప్లాంటు మెయింటెనెన్సులో రిటైరైన ఆయన బానెట్ ఎత్తకుండానే కారణం తేల్చేశారు.

"అదేటి కాలు నీది? యాక్సిలరేటర్ మీద పెడితే తియ్యవు. పెట్రోలు తాగదా మరి?"

ప్లాంటు టౌన్‌షిప్పు సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందు, నలుగురూ వినేలా అన్నారు. పక్క వాకిట్లోని రిటైర్డు ఇంజినీర్లు కూడా అవునని తలలూపారు.

నాకు ఒళ్లు మండింది. ఫిల్టర్ మూసుకుపోయిందేమోనని ఖుర్సీపార్ బజారుకి వెళ్లి కొత్త ఎయిర్ ఫిల్టర్ కొనుక్కొచ్చాను. బానెట్ ఎత్తి ఫిల్టర్ డబ్బా మూత నేనే తెరిచాను. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి నాలుగు మడతల గుడ్డ కట్టి ఉంది. నా పాత నేత చీర ముక్క. ప్లాంటు దుమ్ము పడుతుందని ఈ ఊళ్లో నీళ్ల డ్రమ్ముకీ, కూలరుకీ, టీవీకీ గుడ్డ కప్పుతాం. ఈయన కారు ముక్కుకి కూడా కట్టేశారు. అది దుమ్ము పట్టి అట్టకట్టింది. గాలి అందని ఇంజను పెట్రోలు కాక ఇంకేం తాగుతుంది?

గుడ్డ పీకేసి తాళం తిప్పగానే కారు స్టార్టయింది. ఆ గుడ్డని తీసుకెళ్లి ఆయన ముందు పడేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"గుడ్డ మంచిదే. వారానికోసారి ఉతకాల కదా నువ్వు," అన్నారు.