బ్రేకు మీది కాలు

మదనపల్లె నుంచి కుప్పానికి బస్సు నడిపి రిటైరైన గంగులప్పకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. పుంగనూరులోని ఇంట్లో, నవారు మంచం మీద దిండుకు ఆనుకుని, గోడమీద ఎండ జరగడం చూస్తుండేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం టీవీలో కార్ల పందెం వచ్చేది. కారు మలుపు దగ్గరికి రాగానే ఆయన కుడిపాదం దుప్పటి కింద మెల్లగా ముందుకు ఒత్తేది, బ్రేకు మీద ఉన్నట్టు. ఇంకెప్పుడూ ఆ కాలు కదిలేది కాదు. భార్య కదిరమ్మ దుప్పటి తీసి ఆ పాదాన్నే చూస్తూ కూర్చునేది. "ఇంత బిరబిరా యాడికి పోతాండారయ్యా వీళ్ళు? బయల్దేరిన తావుకే మళ్ళా వస్తాండారే" అనేది. ఆయన ఎడమ పెదవి కొంచెం నవ్వేది.

ఒక ఆదివారం ఆ ఛానెల్ రాలేదు. కదిరమ్మ కేబుల్ శివకుమార్ అంగడికి పోయి అడిగింది. "ఇన్నాళ్ళూ ఊరికే వస్తా ఉండె. ఇప్పుడు డబ్బు కట్టే ఛానెల్ అయిపోయిందమ్మా. తెప్పిస్తే ఊరంతటికీ తెప్పియ్యాల, ఒక్క ఇంటికి ఇచ్చేదానికి కాదు. కార్ల పందెం అడిగింది నువ్వొక్కదానివే. ఏం, డ్రైవింగు నేర్చుకుంటాండావా?" అన్నాడతను.

"ఆయన కాలు కదిలేది దానికేనప్పా" అంది.



ఇంటికొచ్చి ఆమె టీవీ ఆపేసింది. మంచం కాళ్ళవైపు కూర్చుని దుప్పటి తీసింది. "పలమనేరు దాటినావు. ముందర మలుపుండాది. గొర్రెలు అడ్డమొస్తాండాయి, సూడు" అంది. గంగులప్ప ఆమె మొహంలోకి చూశాడు. దవడ బిగించాడు. మెడ నరాలు లేచాయి, నుదుట చెమట పట్టింది. పాదం అట్లాగే ఉంది.

ఆమె ఇంకో మలుపు చెప్పలేదు.