ఏడుగురు చూస్తున్నారు

అక్క దుకాణంలో చేరేనాటికి అతనికి నలభై ఒక్క ఏళ్ళు. అంతకుముందు పదిహేనేళ్ళు ఒక పెద్ద కంపెనీలో వెబ్‌సైట్లకు రూపం దిద్దే పని చేశాడు. ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ అక్షరం ఎంత ఉండాలి, మనిషి వేలు తెర మీద ఎక్కడ తడబడుతుంది, ఇదే అతని విద్య. ఒక వేసవిలో కంపెనీవాళ్ళు మూడు వందల మందిని ఒకే ఉత్తరంతో ఇంటికి పంపించారు. వాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆ సంగతి నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. రోజూ సంచి భుజాన వేసుకుని గ్రంథాలయానికి వెళ్ళి సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఒకరోజు అక్క అక్కడే పట్టుకుంది.

"పోతే పోయిందని చెప్పాలి గానీ, ఈ దాగుడుమూతలేంట్రా ఈ వయసులో?" అంది. అతను తల ఎత్తలేదు. ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "నా దుకాణం సైటు చూశావుగా, అడవిలా ఉంది. వచ్చి బాగుచెయ్యి," అంది.

అక్కది పాత బట్టలను బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం. జనం వద్దనుకున్న కోట్లు, చొక్కాలు, గౌన్లు పోగుచేసి, ఉతికించి, చిరుగులు కలిపి, మళ్ళీ పదేళ్ళు తొడుక్కునేలా చేసి పంపేది. ఒక్క కొత్త చొక్కా తయారవడానికి ఎన్ని బిందెల నీళ్ళు ఖర్చవుతాయో చెప్పడం మొదలుపెడితే ఎదుటివాళ్ళు చొక్కా విప్పి ఇచ్చేసే వరకు ఆపదని ఇంట్లో వేళాకోళం. దుకాణమంటే బేకరీ మీద మూడు గదులు. మొదటిదాంట్లో ఉతికిన బట్టల దొంతరలు, రెండోదాంట్లో మూడు కుట్టుమిషన్లు, కిటికీ ఉన్న మూడోదాంట్లో పెద్దమ్మ.

ఆమె అక్కడ ఎవరికీ నిజంగా పెద్దమ్మ కాదు. అరవై ఏడేళ్ళ మనిషి, రఫూ చేసేది. చిరిగిన చోట ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, పడుగూ పేకా మళ్ళీ అల్లేది. వేలితో తడిమినా చిరుగు ఎక్కడుండేదో దొరికేది కాదు. మొదటి రోజే అతన్ని అడిగింది.

"నువ్వేం పని చేస్తావు నాయనా?"

"బటన్లు పెడతాను పెద్దమ్మా."

"మరి కాజాలెవరు కుడతారు?"

మిషన్ల గదిలో కుట్టేవాళ్ళు ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ పూట నుంచి అతను కాజాల బాబు అయిపోయాడు. చాలా నెలల తర్వాత అతనూ ఆరోజు నవ్వాడు.

పని మాత్రం మనసుపెట్టి చేశాడు. ముందు సైటును ముట్టుకోలేదు. తెలిసినవాళ్ళను ఐదుగురిని ఒక్కొక్కరుగా పిలిచి, ఫోన్ చేతికిచ్చి, "ఒక చొక్కా కొనండి," అని పక్కన నోరు మూసుకుని కూర్చున్నాడు. రిటైరైన లెక్కల టీచరు కొనే బటన్ కనిపించక పావుగంట వెతికి, "నాకే తెలియట్లేదులే బాబూ," అని సిగ్గుపడింది. తప్పు ఆవిడది కాదు, సైటుదని అతనికి తెలుసు. ఎంచుకున్న బట్టలు వెనక్కి వెళ్తే మాయమైపోతున్నాయి. పేరూ ఊరూ పుట్టినరోజూ చెబితే గానీ కొననివ్వడం లేదు. కొలతలు దర్జీకి తప్ప ఎవరికీ అర్థం కావు. ఇవన్నీ మార్చాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. "మీకు సరిపోయే చొక్కా ఒకటి మంచం మీద పరిచి, చంక నుంచి చంకకు కొలవండి," అని బొమ్మతో సహా పెట్టాడు. ప్రతి బట్టనూ కిటికీ పక్క గోడకే తగిలించి ఫొటో తీశాడు. రఫూ చేసిన చోట పక్కన ఒక నాణెం పెట్టి దగ్గరగా తీశాడు. టీచరును మళ్ళీ పిలిస్తే మూడు నిమిషాల్లో కొనేసి, "ఇంతేనా!" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని లేదు.

కొత్త సైటు తెరిచాక మూడు వారాలు గడిచాయి. అమ్మకాలు పెరిగాయి గానీ అతను అక్కకు చెప్పినంత పెరగలేదు. అక్క ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని తినేసింది. ఇక్కడ కూడా చేతకానివాడినైతే ఏ ముఖం పెట్టుకుని తిరగాలి అనుకున్నాడు. పాత కంపెనీలో తాను చేసిన ఒక పని గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు, ప్రతి బట్ట ఫొటో కింద ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం చేర్చాడు: "ఇప్పుడు దీన్ని ఏడుగురు చూస్తున్నారు." కొన్నిటికి ఐదుగురు, కొన్నిటికి తొమ్మిది మంది. చూసేవాళ్ళెవరూ లేరు. నాలుగుకీ తొమ్మిదికీ మధ్య నోటికొచ్చిన అంకె వేయమని యంత్రానికి చెప్పాడు, అంతే. భోజనాలు ముగిసేలోపు అయిపోయిన పని.

మనిషికి తొందర పుడుతుంది. పక్కవాడు ఎగరేసుకుపోతాడేమోనని చెయ్యి ముందుకు పోతుంది. రెండు వారాల్లో కోట్ల వరస సగం ఖాళీ అయింది. అక్క తెర చూసి, "నిజంగా ఇంతమంది చూస్తున్నారా?" అంది.

"ఊఁ," అన్నాడు.

ఆ ఒక్క అక్షరం పలకడానికి అతనికి ఏ కష్టమూ కలగలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఒంటి మీద తేళ్ళు పాకినట్టయ్యేది.

రెండు నెలలు పోయాయి. ఒక ఉదయం ఫొటోల కోసం మూడో గదికి వెళ్తే, అడుగు అరలో బట్టల దొంతర ఒకటి కనిపించింది. సగం రఫూ చేసిన కోట్లు, చొక్కాలు. ఒక్కోదానికి గుడ్డపీలిక గుండుసూదితో గుచ్చి ఉంది. పీలికల మీద పెన్సిలుతో వంకరటింకర అక్షరాలు: "నీలం కోటు దొరకని వాళ్ళకి." "గళ్ళ చొక్కా దొరకని వాళ్ళకి."

"ఇవేంటి పెద్దమ్మా?"

"నీ చలవే నాయనా," అంది ఆమె, సూదిలో దారం ఎక్కించడానికి మూడోసారి ప్రయత్నిస్తూ. "ఇదివరకు గోడ కోసం కుడుతున్నట్టుండేది. ఎవరు చూస్తున్నారో ఏంటో తెలిసేది కాదు. నువ్వొచ్చాక అక్షరాలు పెద్దవయ్యాయి, నా ఫోన్లో కూడా కనిపిస్తోంది. పొద్దున్నే తీసి చూసుకుంటాను. నీలం కోటుని ఏడుగురు చూశారు. ఉన్నదా ఒకటే. ఒకరు తీసుకెళ్ళారు. మరి ఆ ఆరుగురూ ఏమైపోవాలి?"

అతను ఒక పీలికను వేలితో తిప్పి వదిలేశాడు.

"అందుకే అలాంటివి వెతికి చేస్తున్నా. సెలవు రోజు ఇంటికి కూడా పట్టుకెళ్తున్నా. మీ అక్కతో అనకు, కోప్పడుతుంది."

"మరి మీ కంటి ఆపరేషన్?" శుక్లం తీయడానికి ఆసుపత్రివాళ్ళు తేదీ ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు.

"రెండుసార్లు వాయిదా వేయించాన్లే. కన్ను ఎక్కడికి పోతుంది? చూస్తున్నవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి నేను పోయి పడుకుంటే బాగుంటుందా చెప్పు?"

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఫొటోలు తీయకుండానే కెమెరా మెడలో వేసుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద కూర్చుంటే కింద బేకరీ నుంచి వేడిగాలి ముఖానికి కొడుతోంది. చెవులు అంతకన్నా వేడిగా ఉన్నాయి. ముఖం చూపించి చెప్పే ధైర్యం లేక, ఆ సాయంత్రమే వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాడు. తీసేస్తే పోతుందనుకున్నాడు.

మర్నాడు పెద్దమ్మ పని మొదలుపెట్టలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె తన గది దాటి రావడం అరుదు.

"ఎవరూ చూడట్లేదేంటి నాయనా? ఒక్కరు కూడా లేరు." గొంతు తగ్గించింది. "నా కుట్టులో తేడా వచ్చిందా? నిజం చెప్పు. ఈమధ్య దారం సరిగ్గా కనపడట్లేదు నాకు. జనానికి తెలిసిపోయినట్టుంది."

"అదేం కాదు పెద్దమ్మా."

"మరి? యంత్రం తప్పు లెక్కేసిందా ఏంటి ఇన్నాళ్ళూ?"

తప్పించుకునే దారికి ఆమే తలుపు తీసి చూపించింది. అతను అందులోంచి దూరిపోయాడు.

"అవును పెద్దమ్మా. యంత్రం తప్పే. అంకెలు తప్పుగా చూపించింది."

"అదా సంగతి! పోనీలే, నువ్వేం దిగులుపడకు. యంత్రానికేం తెలుసు పాపం," అని అతని భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి తగిలినచోట కాల్చినట్టయింది. తలెత్తితే గుమ్మంలో అక్క, చేతిలో ఉతికిన బట్టల మూటతో.

ఆవిడ మూట కింద పెట్టి తలుపు మూసింది. "యంత్రమా?"

అంతా చెప్పాడు. భోజనాల వేళ, నాలుగూ తొమ్మిదీ, ఊఁ అన్న మాట, పీలికలు గుచ్చిన దొంతర. అక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది. ఆవిడ కొట్టలేదు, అరవలేదు. ఇంకా బాగుచేయని కోటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని గుండీలు పెడుతూ తీస్తూ కూర్చుంది.

"నాకూ అనుమానం రాలేదని కాదురా," అంది చివరికి. "రోజుకి వందమంది కూడా రాని సైటులో ఒక్క కోటుని ఒకేసారి ఏడుగురెలా చూస్తారు? అమ్ముడుపోతుంటే అడగబుద్ధి కాలేదు. నా ముఖానికి కూడా ఇంత మసి పూసుకున్నాను. సరే. నాకు చెప్పి లాభం లేదు. వెళ్ళి ఆవిడకి చెప్పు. యంత్రం పేరెత్తకుండా చెప్పు."

మూడో గదికి పదహారు అడుగులు. అతను కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూర్చుంటే ఆమె కన్నా కిందికి ఉన్నాడు, అది కొంచెం నయమనిపించింది.

"పెద్దమ్మా, యంత్రం తప్పు కాదు. నేనే అబద్ధం రాశాను. జనం తొందరపడి కొంటారని."

ఆమెకు వెంటనే అందలేదు. సూది బట్టలో గుచ్చి పెట్టి, కళ్ళద్దాలు తీసింది.

"అయితే ఆ ఆరుగురూ?"

"లేరు."

"ఒక్కరు కూడానా?"

"కొన్నవాళ్ళు ఉన్నారు. మిగతావాళ్ళు లేరు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఆ కళ్ళకు బయట ఏమి కనిపిస్తోందో. "కుట్టేటప్పుడు వాళ్ళతో మాట్లాడేదాన్ని," అంది మెల్లగా. "ఇదిగో అయిపోవచ్చింది, కాస్త ఆగండి అని. మా మనవరాలు విని నవ్వేది, ముసలమ్మకి మతిపోయిందని. దానికి కోపంగా చెప్పాను, నీకేం తెలుసే, వాళ్ళు నిజంగా ఉన్నారు అని."

క్షమించమని అడుగుదామని అతను నోరు తెరిచాడు. ఆమె వంగి అడుగు అరలోంచి దొంతర బయటికి లాగి, పీలికల నుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. పద్నాలుగు పీలికలు. అతను సాయం చేయబోతే చేత్తోనే వద్దంది.

ఆ వారమే కంటి ఆసుపత్రికి వెళ్ళింది. తీసుకెళ్తానని అతను అడిగితే, "మనవరాలు వస్తుందిలెండి," అంది. ఆ "లెండి" విన్నాక అతనికి అర్థమైంది. అంతవరకు నాయనా, నువ్వు, ఇప్పుడు మీరు.

సైటు మొదటి పేజీలో అక్క మూడు వాక్యాలు పెట్టింది. ఇంతమంది చూస్తున్నారని మేం రాసింది అబద్ధం, తొందరపడి కొన్నవాళ్ళు తిరిగి పంపొచ్చు, క్షమించండి అని. వచ్చిన ఉత్తరాలన్నిటికీ తమ్ముడే జవాబు రాయాలంది. కొందరు తిట్టారు. కొందరు తిరిగి పంపారు. నీలం కోటు కొన్న మనిషి మాత్రం, "కోటు నాకు బిగుతు. ఆ ఏడుగురి భయంతో కొలత చూసుకోకుండా కొన్నాను. తిరిగి ఇద్దామనుకున్నాను గానీ మోచేతి దగ్గర ఆ రఫూ ఎంత వెతికినా దొరకకపోయాక మనసొప్పలేదు. మా తమ్ముడికి ఇచ్చాను," అని రాశాడు. అతను దాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు తీయించి, పెద్దమ్మ తిరిగి వచ్చేసరికి ఉండేలా ఆమె బల్ల మీద పెట్టాడు. వచ్చాక ఆమె చదివిందో లేదో చెప్పలేదు. కాగితం మాత్రం ఆ సాయంత్రానికి బల్ల మీద లేదు.

అమ్మకాలు తగ్గాయి. కొన్ని నెలలకు కొంత పుంజుకున్నాయి, అంత కాదు. అతను మానేస్తానంటే అక్క, "పారిపోవడం నీకు బాగా అలవాటేగా," అంది. అతను మానలేదు.

ఆపరేషన్ అయిన ఐదో వారం పెద్దమ్మ పనిలోకి వచ్చింది. వస్తూనే ఆ పద్నాలుగు బట్టలూ కిటికీ వెలుగులో పరిచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అక్కను పిలిచింది.

"ఇవి అమ్మొద్దు. నీలం అనుకుని నల్లదారం పెట్టాను చూడు, ఎన్నిచోట్లో. కళ్ళు లేకుండా కుట్టినవి ఇవి. విప్పేసి మళ్ళీ చేస్తాను."

గుమ్మంలో నిలబడ్డ అతనికి ఆ నల్లపోగులు అక్కడి నుంచే కనిపించాయి. ఆమె జీవితంలో మొదటిసారి ఆ చేతుల పనికి పట్టిన మచ్చ అది, తన వల్ల. లోపలికి వెళ్ళి, "విప్పడం నాకు నేర్పిస్తారా?" అని అడిగాడు. ఆమె అతని ముఖం వైపు చూసింది. కొత్త కంటితో అతన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు కాబోలు. అతను కళ్ళు దించుకున్నాడు.

"బట్ట చిరగకుండా విప్పడం కుట్టడం కన్నా కష్టం," అంది ఆమె. చిన్న కత్తెర బల్ల మీదుగా జరిపింది. "మీరు ఆ కొస పట్టుకోండి. గట్టిగా లాగకండి."

అతను పట్టుకున్నాడు.